లెక్కలు కలిసినా తీరని అనుమానం

ఆ ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మొదట్లో ఆమె ఆడపడుచు ఒక్కతే "వదినా" అని పిలిచేది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే పక్క కుర్చీల వాళ్ళూ, ఆ తర్వాత డ్రాయింగు గది వాళ్ళూ, చివరికి మేనేజరు కూడా ఆ పిలుపే అందుకున్నారు. ఎదురుగా ఉంటే వదిన. వెనకాల మాత్రం ఇంకో పేరుండేది: పెనుభూతం. అనుమానం పెనుభూతం అన్న సామెతలో మొదటి మాట మింగేసి రెండోది మిగుల్చుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియకపోతే కదా ఆశ్చర్యపోవాలి.

అనుమానం ఆమెతోపాటే పుట్టిందని తల్లి అనేది. పాలసీసా నోటికిస్తే ముందు వాసన చూసి, తర్వాత తల్లి ముఖం చూసి, అప్పుడు తాగేదట. కాస్త ఎదిగాక తాళం వేసిన తలుపును లాగి చూడటం, వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూడటం అలవాటైంది. తండ్రి బస్సు డ్రైవరు. "ఇది నా బస్సెక్కిందంటే, బ్రేకులు ఒకసారి నొక్కి చూపించు నాన్నా అంటుంది" అని నవ్వేవాడు. బడిలో లెక్కల పుస్తకం వెనక అచ్చేసిన జవాబులను కూడా నమ్మేది కాదు. ఒక జవాబు నిజంగానే తప్పని తేలినప్పుడు టీచరు క్లాసందరి ముందూ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుతోనే పిల్ల పూర్తిగా చెడిపోయిందని తల్లి చివరిదాకా వాపోయింది.

పెళ్ళి విషయంలోనూ అంతే. కళ్ళజోళ్ళ దుకాణం ఉన్న అబ్బాయి సంబంధం వచ్చినప్పుడు, తానెవరో చెప్పకుండా మామూలు మనిషిలా ఆ దుకాణానికి వెళ్ళింది. కళ్ళు పరీక్ష చేయించుకుంది. అవసరం లేని జోడు అంటగడతాడేమో చూద్దామని. అతను అద్దాలు మార్చి మార్చి చూసి, "మీ కళ్ళు బాగానే ఉన్నాయండీ, కళ్ళజోడు దండగ" అన్నాడు. ఇంటికొచ్చి సరేనంది. పెళ్ళయ్యాక ఎప్పుడో ఈ సంగతి చెబితే అతను, "మరి ఆ రోజు నిజంగా మసకగా కనిపిస్తోందని చెప్పి ఉంటే?" అని అడిగాడు. "అబద్ధం చెప్పడం నాకు రాదు. అనుమానించడమే వచ్చు" అందామె.

ఆమె పని ఆవిరి లెక్కలు. ఆ ఫ్యాక్టరీ బాయిలర్లకు సేఫ్టీ వాల్వులు చేస్తుంది. బాయిలర్లో ఒత్తిడి హద్దు మీరితే, స్ప్రింగు నొక్కిపట్టిన మూత పైకి లేచి ఆవిరిని బయటికి వదలాలి. మూత లేవకపోతే బాయిలరు పేలుతుంది. అరకొరగా లేచి పడుతూ లేస్తూ ఉంటే వాల్వే బద్దలవుతుంది. ప్రతి కొత్త వాల్వునూ ముందు కంప్యూటర్లోనే చూసుకుంటారు. దాని బొమ్మను సన్నటి గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఆవిరి ఎంత వేగంగా పోతుందో, ఎక్కడ ఎంత ఒత్తిడి పెడుతుందో, మూతను ఎంత బలంతో పైకి తోస్తుందో లెక్కగడతారు. చివర్లో ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో అందమైన బొమ్మ వస్తుంది. అందరూ ఆ బొమ్మ చూసి "అబ్బ" అంటారు. వదిన మాత్రం, "రంగులకేం, తప్పుకి కూడా ఇంత అందంగానే వస్తాయి" అనేది.

ఆ లెక్క కట్టే సరంజామాను వాళ్ళు సాల్వర్ అంటారు. అందులో రెండు జాతులున్నాయి. వదిన వాడేది ప్రెషర్ సాల్వర్. అది ముందు ఒత్తిడి ఇంత ఉండొచ్చని ఊహిస్తుంది. ఆ ఊహను పట్టుకుని వేగం కడుతుంది. ఒక గడిలోకి వచ్చిన ఆవిరికీ, బయటికి పోయిన ఆవిరికీ పొంతన కుదరకపోతే, ఒత్తిడిని కాస్త దిద్ది మళ్ళీ మొదలుపెడుతుంది. కుదిరేదాకా అదే తంతు. నీళ్ళకూ, మెల్లగా వీచే గాలికీ పుట్టిన పద్ధతి అది. "ఇది నా మనస్తత్వానికి సరిపోయింది. తన ఊహను తనే నమ్మదు" అనేది వదిన.

మరదలు వాడేది డెన్సిటీ సాల్వర్. ఆ అమ్మాయి అంతకుముందు టర్బైన్ల కంపెనీలో పనిచేసి వచ్చింది. ఆ పద్ధతిలో ఆవిరి రాశినీ, దాని ఊపునూ, దాని శక్తినీ మూడింటినీ జతగట్టి ఒకేసారి ముందుకు నడిపిస్తారు. ఏ గడిలో ఆవిరి ఎంత చిక్కగా, ఎంత వేడిగా ఉందో తేలాక, ఒత్తిడి దానంతటదే చివర్న బయటపడుతుంది. ధ్వనిని మించిన వేగంతో దూసుకుపోయే వాయువుల కోసం పుట్టింది అది. ఈ మధ్యకాలంలో రెండు పద్ధతులూ ఒకదాని విద్య ఒకటి నేర్చుకుని అన్ని వేగాలకూ పనికొస్తున్నాయి గానీ, ఎవరి చేతికి అలవాటైనది వాళ్ళకు ముద్దు.

చిక్కేమిటంటే, సేఫ్టీ వాల్వులో రెండు రకాల ప్రవాహమూ ఉంటుంది. మూత చుట్టూ ఉన్న పెద్ద గదిలో ఆవిరిది నత్తనడక. మూత కింద ఇరుకు గొంతులోకి వచ్చేసరికి ధ్వనిని కూడా దాటేస్తుంది. అందుకే వాళ్ళ ఆఫీసు గదిలో వదినా మరదళ్ళ వాదన ఎప్పుడూ తెగేది కాదు. చూసేవాళ్ళకు సరదాగా ఉండేది. వాళ్ళకూ సరదాగానే ఉండేది, ఆ పెద్ద వాల్వు వచ్చేదాకా.

అంత పెద్ద వాల్వు ఆ ఫ్యాక్టరీ అంతకుముందెన్నడూ చేయలేదు. దాని లెక్క మేనేజరు వదినకిచ్చాడు. ఈ మేనేజరు పొడుగాటి మనిషి, మెత్తటివాడు. ఏదడిగినా "చూద్దాం" అనేవాడు. ఔనో కాదో బ్రహ్మకు కూడా తెలిసేది కాదు. "చూద్దాంగారు" అన్న పేరు అందుకే వచ్చింది.

ఒక మధ్యాహ్నం వదిన ఏదో కాగితం కోసం ప్రింటరు దగ్గరికి వెళ్ళింది. ట్రేలో రంగుల బొమ్మ ఒకటి పడి ఉంది. తన వాల్వే. తను వేసిన ప్రింటు మాత్రం కాదు. రంగులు వేరు, మూత కింద గీతలు వేరు. అడుగున రాసి ఉన్న బలం అంకె తనకొచ్చిన దానికంటే బాగా తక్కువ. ఆ బొమ్మను అలాగే బోర్లించి పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చుంది. పక్కన మరదలు తల ఎత్తకుండా పనిచేసుకుంటోంది.

ఒకే పనిని ఇద్దరికిచ్చారంటే, ఇద్దరిలో ఒకరి మీద నమ్మకం లేనట్టే. ఆ ఒకరెవరో చెప్పనక్కర్లేదు. అది మేనేజరు ఆలోచనా, లేక ఈ అమ్మాయే వెళ్ళి అడిగి పుచ్చుకుందా?

"ఏంటమ్మాయ్, ఏం చేస్తున్నావు ఈ మధ్య?" అంది, మామూలుగా అడిగినట్టే.

"ఏముంది వదినా, పాత నాజిల్ పనే."

అంతే. అబద్ధం ఆడేసింది. వదిన లోపల ఏదో తాళం పడినట్టైంది.

ఆ రోజు నుంచి ఆమె కళ్ళు పని మీద సగం, మరదలి మీద సగం. మరదలు కుర్చీ ఇటు తిప్పితే ఎందుకు తిప్పిందని, అటు తిప్పితే ఏం దాస్తోందని. ఒకరోజు భోజనాల వేళ తలనొప్పిగా ఉందని మరదలు క్యాంటీనుకు రాలేదు. వదిన తిరిగొచ్చి తన లెక్క ఫైలు తెరవబోతే, దాన్ని ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో కంప్యూటరు చూపించింది. సరిగ్గా తాను క్యాంటీన్లో ఉన్న సమయం. పక్కకు చూసింది. మరదలి కుర్చీ ఖాళీ. టేబులు మీద తలనొప్పి మాత్ర రేపరు చింపకుండానే ఉంది.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి. భర్త ఫోను పట్టుకుని బాల్కనీలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "సరేలేవే, దానికి చెప్పనులే" అన్న మాట చెవిన పడింది.

"ఎవరండీ ఫోన్లో?"

"చెల్లాయి."

"ఏమంటోంది?"

"ఏముందీ, ఊరికే."

"ఊరికే అయితే బాల్కనీలోకి ఎందుకెళ్ళారు?"

"గాలి కోసం."

"గాలి సంగతి నాకు చెప్పకండి. నేను బతికేదే దాని మీద."

ఆడపడుచు అర్ధమొగుడు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదనుకుంది. పూర్తి మొగుడూ, అర్ధమొగుడూ కలిసి తన వెనక ఏదో నడుపుతున్నారు. ఆదివారం మరదలు ఎప్పటిలాగే ఇంటికొచ్చింది. వదిన టీ కప్పు చేతికిస్తూ ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. మరదలు కప్పులోకి చూసింది. మధ్యలో ఆయన అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని, వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడి, ఎవరూ అందుకోకపోతే, ఏదో జోడు బిగించాలంటూ దుకాణానికి వెళ్ళిపోయాడు. సెలవు రోజని అందరికీ తెలుసు.

మర్నాడు వదిన క్యాంటీనుకు వెళ్ళలేదు. తలనొప్పని చెప్పింది. గది ఖాళీ అయ్యాక మరదలి లెక్క తెరిచింది. ఎవరు ఏ పని చేశారని తాను మండిపడుతోందో, సరిగ్గా ఆ పనే తానూ చేస్తున్నానన్న ఆలోచన వచ్చింది గానీ, వేలు ఆగలేదు.

మొదట్లో ఏమీ దొరకలేదు. లెక్క కుదురుతోందో లేదో చూపే గీతలు బుద్ధిగా కిందికి దిగి చదునుగా పడుకున్నాయి. చూసేవాళ్ళెవరైనా లెక్క పూర్తయిందనే అంటారు. వదిన మాత్రం, పడుకున్న గీతలు నిద్రపోయాయా, నటిస్తున్నాయా అని చూసింది. మూత చుట్టూ ఉన్న పెద్ద గది వైపు వెళ్ళింది. అక్కడ ఆవిరి దాదాపు మొదలెట్టిన చోటే ఉంది. లోపలికి ఎంత వస్తోందో బయటికి అంత పోవడం లేదు. శబ్దం పరుగును బట్టి చిన్న చిన్న అడుగులు వేసే ఆ సాల్వరు, నత్తలా కదిలే ఆవిరి దగ్గరికి వచ్చేసరికి ఎన్ని అడుగులు వేసినా దారి తరగలేదు. లెక్క ఆగింది గానీ, కుదరలేదు.

"దొరికావే" అనుకుంది వదిన. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం ఆకలేసింది.

మీటింగులో చూద్దాంగారు రెండు బొమ్మలూ గోడ మీద వేశాడు. ఒకే వాల్వుకి రెండు బలాలు. "ఇదేంటో నాకర్థం కావట్లేదు. ఇద్దరికీ ఇస్తే ఒకే జవాబు వస్తుందనుకున్నాను" అన్నాడు. డ్రాయింగు పెద్దాయన, టెస్టింగు ఇంజనీరు కూడా ఉన్నారు.

వదిన లేచింది. "అమ్మాయి గీతలు చదునుగానే ఉన్నాయి సార్, కాదనను. కానీ ఆ పెద్ద గదిలో ఆవిరి అసలు కదిలిందా అని అడగండి. వచ్చింది ఎంత, పోయింది ఎంత అని అడగండి."

మరదలు తడబడలేదు. "నిజమే వదినా. నాకూ కొన్నాళ్ళుగా అదే అనుమానం."

"మరి చెప్పలేదేం?"

"నీది కూడా చూశాక చెబ్దామనుకున్నా."

"నాది చూశాకా?" వదిన గొంతు పైకి లేచింది. "విన్నారా సార్? నేను లేనప్పుడు నా ఫైలు తెరిచింది!"

మరదలు ఆమె వైపు తిరిగింది. "తెరిచాను. తప్పే. మరి నా పెద్ద గదిలో ఆవిరి కదలట్లేదని నీకెలా తెలిసింది వదినా? ఆ గది బొమ్మ నేనెవరికీ చూపించలేదే?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. వదిన చెయ్యి నిజంగానే భుజం మీది కొంగు సర్దుకుంది. డ్రాయింగు పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఇక నీ సంగతి" అంది మరదలు మెల్లగా. "గొంతు దగ్గర ఆవిరి ధ్వనిని దాటాక ఒక్కసారిగా వేగం పడిపోయే చోటుంది కదా, ఆ షాకు, కత్తితో కోసినట్టుండాలి. నీ బొమ్మలో తడిగుడ్డతో తుడిచినట్టు పరుచుకుపోయింది. గడి అంతటికీ ఒకే అంకె వేసే మోటు లెక్కలో వదిలేశావు. గడి లోపలి మార్పును కూడా పట్టే నాజూకు లెక్కలోకి మార్చలేదు."

వదిన కూర్చుంది. అది నిజం. నాజూకు లెక్కలోకి మార్చినప్పుడల్లా అంకెలు కట్టలు తెంచుకుని పేలిపోయేవి. తర్వాత చూద్దామని మోటు లెక్కతోనే సరిపెట్టింది. ప్రపంచంలో అందరినీ అనుమానించిన మనిషి, తన బొమ్మ దగ్గర మాత్రం పిల్లిలా కళ్ళు మూసుకుని పాలు తాగింది.

"చూద్దాం" అన్నాడు మేనేజరు. "ఇద్దరూ కలిసి చూడండి."

కొన్నాళ్ళు వాళ్ళ మధ్య అవసరమైన మాటలే నడిచాయి. అవి కూడా "ఆ ఫైలు", "ఈ అంకె" అంటూ సగం సగం మాటలు. పని మాత్రం నడిచింది. మోటు లెక్కతో మొదలుపెట్టి, ఆవిరి ఒక దారిన పడ్డాక కొద్దికొద్దిగా నాజూకు లెక్కను కలపమని మరదలు చెప్పింది. ఈసారి అంకెలు పేలలేదు. వదిన బొమ్మలో షాకు కత్తి అంచులా నిలబడింది. మెల్లటి ప్రవాహం ఉన్న చోట శబ్దం పరుగును లెక్కలో తగ్గించి చూపే ఏర్పాటు ఒకటుంటుంది. దాన్ని వాడమని వదిన పట్టుబట్టింది. మరదలి పెద్ద గదిలో ఆవిరి కదలడం మొదలుపెట్టింది. చివరికి ఒక ఉదయం రెండు సాల్వర్ల గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏది ఎవరిదో గుర్తుపట్టడానికి రంగులు మార్చాల్సి వచ్చింది.

చూద్దాంగారు జన్మలో మొదటిసారి "చూద్దాం" అనలేదు. "ఇంకేం, పంపించేద్దాం!" అన్నాడు. వాల్వు అప్పటికే తయారై బిగింపు షెడ్డులో ఉంది.

అందరూ సంతోషించారు. వదినకు మాత్రం ముద్ద దిగలేదు. రెండు పద్ధతులు, ఇద్దరు మనుషులు, ఒకే జవాబు. ఇంత చక్కగా ఎలా కలిశాయి? ఇద్దరు సాక్షులు అచ్చం ఒకే మాట చెబితే, వాళ్ళు నిజం చూసినట్టా, ఒకే చోట పాఠం నేర్చుకున్నట్టా?

"అమ్మాయ్," అంది క్యాంటీన్లో, చాలా రోజుల తర్వాత పూర్తి వాక్యం మాట్లాడుతూ. "మనిద్దరికీ వాల్వు బొమ్మ ఎక్కణ్ణించి వచ్చింది?"

"డ్రాయింగు గది నుంచి."

"ఒకే బొమ్మా?"

"ఒకటే. ఇంకెన్నుంటాయి?"

"అది తప్పైతే?"

మరదలు చెంచా కింద పెట్టింది. "వదినా, కలవకపోతే నన్ను అనుమానించావు. కలిస్తే బొమ్మని అనుమానిస్తున్నావు. నువ్వు హాయిగా ఉండే రోజు ఒక్కటైనా ఉందా?"

"ఉంటే చెబుతాలే. లే, షెడ్డుకి వెళ్దాం పద."

బిగింపు షెడ్డులో ఆ పెద్ద వాల్వు చెక్క దిమ్మల మీద పడుకుని ఉంది. మూతను ఇంకా బిగించలేదు, పక్కనే గుడ్డ మీద పెట్టారు. ఆ మూత చుట్టూ కిందికి వంగిన అంచు ఒకటుంటుంది. గొంతులోంచి ఎగజిమ్మిన ఆవిరి ఆ అంచుకు తగిలి కిందికి మళ్ళుతుంది. ఎంత మళ్ళితే మూత అంత బలంగా పైకి లేస్తుంది. డ్రాయింగులో ఆ అంచు పదునుగా ఉంది. వదిన చూపుడు వేలు ఆ అంచు మీద పెట్టి గట్టిగా ఒకసారి చుట్టూ తిప్పింది.

"వదినా, వేలు తెగుతుంది!"

"తెగాలి. తెగలేదు చూడు."

అంచు నున్నగా, గుండ్రంగా ఉంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేంత కాదు, వేలికి తెలిసేంత. షెడ్డు సూపర్వైజరును అడిగితే, "మూతలన్నీ ఇలాగే వచ్చాయి మేడమ్. చేతులు తెగట్లేదు, బాగుందనుకున్నాం" అన్నాడు. మరదలు ఎక్కణ్ణించో మైనం ముద్ద తెచ్చి అంచుకు అదిమి తీసి, బ్లేడుతో అడ్డంగా కోసి వెలుగులో పెట్టి చూసింది. గుండ్రం అచ్చుగుద్దినట్టు దిగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ క్షణంలో ఒకరిని ఒకరు అనుమానించే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

మైనం కొలతలతో కొత్త బొమ్మ గీసి, రెండు సాల్వర్లలోనూ మళ్ళీ వేశారు. రెండూ మళ్ళీ కలిశాయి. ఆవిరి సరిగ్గా మళ్ళకుండా అంచు మీంచి జారిపోతోంది. మూత సగం లేచేసరికి ఆవిరి బలం స్ప్రింగు బలానికి తక్కువైపోతోంది. లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది.

మేనేజరు ముఖం పాలిపోయింది. "రెండు లెక్కలూ కలిశాయన్నారుగా వదినగారూ?"

"కలిశాయి సార్. ఈ వాల్వుకి కాదు. కాగితం మీది వాల్వుకి."

"లారీ కూడా మాట్లాడేశాను."

"లారీని వెనక్కి పంపొచ్చు సార్. అవతల బాయిలరు పక్కన మనుషులుంటారు."

అసలీ గుండ్రం ఎలా వచ్చిందని వదిన కూపీ లాగింది. ముందు పోతపోసే వాళ్ళను అనుమానించింది, తర్వాత డ్రాయింగు పెద్దాయనను. తీరా తేలిందేమిటంటే, పదును అంచు పోతలో చిట్లిపోతోంది, కాస్త గుండ్రం చేయమంటారా అని పోతవాళ్ళు ఎప్పుడో మేనేజరుకు ఫోను చేశారు. ఆయన "చూద్దాం" అన్నాడు. వాళ్ళు దాన్ని సరే అనుకున్నారు. ఆయన మర్చిపోయాడు. ఇందులో కుట్ర లేదు, దొంగ లేడు. వదినకు ఒక రకంగా నిరాశే కలిగింది.

ఆ మాట ఆయన చేతే ఒప్పించాక, లెక్క చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి ఆ మూతతోనే అసలు ఆవిరితో పరీక్ష చేయక తప్పలేదు. పరీక్ష షెడ్డులో మందపాటి గోడ వెనక, చిన్న అద్దం దగ్గర అందరూ గుమిగూడారు. ఒత్తిడి పెరుగుతూ వచ్చింది. మూత లేచింది. ఒక్క క్షణం ఆవిరి గర్జించింది. ఆ వెంటనే మొదలైంది, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడినట్టు టకటకటకమని, కాళ్ళ కింద నేల అదిరేట్టు. మూత గొంతును సుత్తిలా మోదుతోంది. టెస్టింగు ఇంజనీరు పరుగున వెళ్ళి ఆవిరి కట్టేశాడు. చల్లారాక విప్పి చూస్తే గొంతు అంచు మీద పగులు కనిపించింది. మరదలు వదిన చెయ్యి పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు.

ఈసారి అంచును పోతలో వదలకుండా, కాస్త లావుగా పోయించి, తర్వాత లేతు మిషను మీద పదును తేల్చారు. కొత్త గొంతు వేశారు. రెండో పరీక్షలో మూత ఒక్క ఊపున పైకి లేచి, పని అయ్యేదాకా నిలబడి, బుద్ధిగా దిగి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి వేయండి" అంది వదిన. వేశారు. మళ్ళీ అలాగే లేచింది. "ఇంకోసారి" అనబోతుంటే మరదలు ఆమెను లాక్కుపోయింది.

బయట సైకిళ్ళ షెడ్డు పక్కన నీడలో నిలబడ్డారు.

"వదినా, ఒక మాట చెప్తా, కోప్పడకు."

"చెప్పాక చూసుకుంటా."

"నిన్ను స్టోర్సుకి మార్చి, మన విభాగానికి నన్ను హెడ్డుగా వేద్దామని చూద్దాంగారి ఉద్దేశం. నీ లెక్కలు ఆలస్యమవుతున్నాయట, ప్రతిదీ పదిసార్లు చూస్తావట. అందుకే ఒకే పని ఇద్దరికీ ఇచ్చాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఆ పదవి నాకు కుదరదన్నాను. ఏం చెయ్యాలో తోచక అన్నయ్యకి ఫోను చేసి ఏడ్చాను."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే, ఆ పదవి నేనే అడిగానంటావని."

"అనేదాన్నే" అంది వదిన.

ఆమె అనుమానాల్లో చాలావరకు నిజమే. తన వెనక ఏదో జరిగింది, ఫైలు తెరిచారు, ఫోన్లో గుసగుసలాడారు. మనిషి దగ్గర మాత్రం పొరబడింది. కుట్ర చేస్తోందనుకున్న పిల్ల తన కోసం ఏడ్చింది. అయినా ఆ ఏడుపు నిజమేనా అని భర్తను ఇంటికెళ్ళాక ఒకసారి అడగాలనుకుంది. అడిగింది కూడా. "నిజమేనే తల్లీ, ముక్కు చీదిన చప్పుడు కూడా విన్నాను" అన్నాడాయన, తలబాదుకుని.

వారం తిరక్కముందే వదిన మేనేజరు గదికి వెళ్ళింది.

"సార్, మా మరదలిని హెడ్డుగా వేసేయండి."

చూద్దాంగారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. తలుపు వైపు కూడా ఒకసారి చూశాడు. "ఇందులో మతలబేంటి వదినగారూ?"

"ఏమీ లేదు."

"మీరు ఏమీ లేదంటే నమ్మమంటారా? మీరు?"

మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది. "చూడండి సార్. హెడ్డుగా ఉన్నవాళ్ళు రోజూ పదిమంది చెప్పిన మాట నమ్మి సంతకం పెట్టాలి. అది నా వల్ల కాదు, ఫైళ్ళన్నీ నా బల్ల మీదే కుళ్ళిపోతాయి. ఆ అమ్మాయికి నమ్మడం తెలుసు. నన్ను మాత్రం స్టోర్సుకి పంపకండి. ఏ లెక్క బయటికి వెళ్ళినా ముందు నా దగ్గరికి రానివ్వండి. షెడ్డుకి వెళ్ళి వస్తువును ముట్టుకుని చూసే హక్కు ఇవ్వండి. చాలు."

"చూద్దాం" అన్నాడాయన.

"ఔనా, కాదా సార్?" వదిన కదల్లేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఔను" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. వదిన అది కాగితం మీద రాయించుకునేదాకా గది దాటలేదు.

అలా మరదలు పై అధికారి అయింది. ఆఫీసులో వదిన ఆమెను "మేడమ్" అనడం మొదలుపెడితే ఆ అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. "అలా పిలిస్తే రాజీనామా చేస్తా" అంటే మానుకుంది. రెండు సాల్వర్ల వాదన మాత్రం తగ్గలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఏది వాడాలని అడిగితే ఒకరు ఒకటంటారు, ఒకరు ఇంకోటంటారు. అడిగినవాళ్ళు అయోమయంలో పడి, చివరికి రెండూ వేసి తెస్తారు. వదినకు కావలసింది అదే.

ఒక ఆదివారం టీ తాగుతూ భర్త, ఇన్నాళ్ళూ మనసులో ఉన్నది ధైర్యం చేసి అడిగేశాడు. "ఇంతకీ మీ ఇద్దరి సాల్వర్లలో ఏది మంచిదే?"

"దేనికి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అలా ఒకే మాట, ఒకే గొంతున వచ్చేసరికి మరదలు పకపకా నవ్వింది. వదిన నవ్వలేదు. కప్పు కింద పెట్టి, ఇంత చక్కగా ఎలా కలిసిందన్నట్టు ఆ అమ్మాయి వైపు అదోలా చూసింది.